మంచుకో అంచు

2015 జనవరి 26, సోమవారం రాత్రి 11 గంటలకు న్యూయార్క్‌లో సబ్‌వే రైళ్లను ఆపేశారు. గవర్నర్ ఆజ్ఞ. మంచు పడబోతోందన్న కారణంతో ఆ రైళ్లన్నిటినీ ఒక్కసారిగా నిలిపివేయడం నూటపదేళ్ల చరిత్రలో అదే మొదలు. రోడ్ల మీద కార్లు కూడా తిరగరాదన్నారు. నగర చరిత్రలోకెల్లా పెద్ద మంచు తుఫాను కావచ్చునని మేయర్ అప్పటికే చెప్పేశాడు. రెండడుగుల పైమాటేనని అమెరికా వాతావరణ శాఖ అంచనా.

తెల్లారి సెంట్రల్ పార్కులో కొలిస్తే 9.8 అంగుళాలు తేలింది. అంటే పాతిక సెంటీమీటర్లు. మంచు ముఖం చూడని మనకు అది బ్రహ్మాండం గానీ, న్యూయార్కు వాళ్లు అంతమాత్రానికి ఊరు మూసుకుని కూర్చోరు. ఉదయం ఏడున్నరకు కార్ల మీద నిషేధం ఎత్తేశారు, తొమ్మిదింటికి రైళ్లు కదిలాయి. ఆ రోజు టీవీల్లో వాతావరణ శాఖ పడని మాట లేదు. పొరుగున న్యూజెర్సీలోని మౌంట్ హాలీ కార్యాలయ అధిపతి ట్విటర్‌లో బాహాటంగా క్షమాపణ చెప్పుకున్నాడు.

ఇందులో ఇంకో తమాషా ఉంది. ఆ సబ్‌వే పుట్టుకలోనే ఒక మంచు తుఫాను హస్తం ఉంది. 1888 మార్చిలో, వసంతం వచ్చేసిందని జనం కోట్లు విప్పేసిన వేళ, ఈశాన్య అమెరికా మీద పెను తుఫాను విరుచుకుపడింది. స్తంభాల మీద నడిచే రైళ్లు ఎక్కడివక్కడ ఇరుక్కుపోయాయి, టెలిగ్రాఫ్ తీగలు తెగిపడ్డాయి. 400 మందికి పైగా చనిపోతే అందులో సగం మంది న్యూయార్క్ వాళ్లే. రైళ్లనూ తీగలనూ నేల కిందికి దించాలన్న వాదనకు బలం వచ్చింది అప్పుడే. 1904లో సబ్‌వే మొదలైంది. అందులో చెప్పుకోదగ్గ భాగం ఈనాటికీ నేల పైనే నడుస్తుంది కాబట్టి 2015 నాటి ఆజ్ఞకు కొంత అర్థం లేకపోలేదు. కాని పట్టాల మీద మంచు పేరుకోకుండా ఆ రాత్రంతా ఖాళీ రైళ్లు తిరుగుతూనే ఉన్నాయని తర్వాత బయటపడింది. ఎక్కేందుకు మనుషుల్ని మాత్రం రానివ్వలేదు!

ఇంతకీ అంచనా తప్పినట్టేనా? సెంట్రల్ పార్కుకు తూర్పున, 75 కిలోమీటర్ల దూరంలో, లాంగ్ ఐలండ్ మీద ఐస్లిప్ అనే ఊరుంది. అదే తుఫానులో అక్కడ పడింది 24.9 అంగుళాలు. మసాచుసెట్స్‌లోని వూస్టర్‌లో 34.5 అంగుళాలు పడి ఆ ఊరి రికార్డు బద్దలైంది. తుఫాను చెప్పిన రోజుకు వచ్చింది, చెప్పినంత బలంతోనూ వచ్చింది. దాని పడమటి అంచు మాత్రం అనుకున్న చోటికి కొంచెం తూర్పుగా పడింది. ఎనభై లక్షల జనాభా ఉన్న నగరం సరిగ్గా ఆ కొంచెంలో ఉంది.

మంచు తుఫానును ముందుగా చెప్పడంలో అసలు చిక్కు ఇదే. వస్తుందా రాదా అన్నది ఇవాళ నాలుగైదు రోజుల ముందే తెలిసిపోతోంది. అంచు ఎక్కడ పడుతుందో చివరి పూట దాకా తేలదు. ఊరికి చేయవలసిన ఏర్పాట్లేమో చివరి పూట దాకా ఆగవు.

*

హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న విశాఖను తాకుతుందని మనకు రోజుల ముందే తెలుసు. ఆ తుఫానుకూ ఈ తుఫానుకూ పేరు ఒకటే గాని తిండి వేరు. బంగాళాఖాతపు తుఫాను వెచ్చటి నీటి మీద బతుకుతుంది. సముద్రం నుంచి లేచిన ఆవిరి పైన మేఘంగా మారేటప్పుడు విడిచే వేడే దానికి ఇంధనం. అందుకే నేల మీదికి రాగానే నీరసిస్తుంది. అమెరికా తూర్పు తీరపు చలికాలపు తుఫానుకు కావలసింది ఉష్ణోగ్రతల మధ్య తేడా. కెనడా నుంచి దిగే గడ్డ చలిగాలి ఒక పక్క, అట్లాంటిక్‌లో గల్ఫ్ స్ట్రీమ్ ప్రవాహం మీద తేలే గోరువెచ్చని తేమగాలి ఒక పక్క. కొన్ని వందల కిలోమీటర్ల వ్యవధిలో ఇరవై, ముప్పై డిగ్రీల తేడా. ఈ రెంటి సరిహద్దు మీదికి, తొమ్మిది పది కిలోమీటర్ల ఎత్తున ప్రవహించే జెట్ స్ట్రీమ్‌లోని ఒక ద్రోణి వచ్చి చేరిందా, దాని తూర్పు పక్కన గాలి పైకి లేస్తుంది, కింద పీడనం పడిపోతుంది, తీరం వెంట వాయుగుండం ఏర్పడుతుంది. ఒక్కోసారి ఆ పతనం ఎంత వేగంగా జరుగుతుందంటే, 24 గంటల్లో స్థూలంగా 24 మిల్లీబార్లు పడిపోయిన వాటికి ఫ్రెడరిక్ శాండర్స్, జాన్ గ్యాకమ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1980లో ‘బాంబు’ అనే పేరు ఖాయం చేశారు. తీరంలో గాలి ఈశాన్యం నుంచి వీస్తుంది కనుక జనం వీటిని ‘నారీస్టర్’ అంటారు.

తుఫాను ఒక్కటీ ఉంటే చాలదు, వాన మంచుగా పడాలంటే చలి నిలవాలి. ఉత్తరాన అధిక పీడనం కాపు కాస్తూ ఉంటే, బరువైన చలిగాలి అపలాచియన్ కొండల తూర్పు వాలున, పొలం గట్టుకు కట్టిన నీళ్లలా, కదలకుండా నిలబడిపోతుంది. సముద్రం వైపు నుంచి వెచ్చటి గాలి దాని మీదికి ఎక్కి పోతుంది. అప్పుడు తీరంలో వాన, కాస్త లోపల ఐసు గుళ్లు, ఇంకా లోపల మంచు, ఆ వెనక ఏమీ లేని పొడి నేల. ఇవి పక్కపక్కన పట్టీల్లా ఏర్పడతాయి. వాషింగ్టన్, బాల్టిమోర్, ఫిలడెల్ఫియా, న్యూయార్క్, బోస్టన్ అన్నీ ఒకే రహదారి మీద, తీరానికి సమాంతరంగా ఉన్నాయి. వానకూ మంచుకూ మధ్య గీత తరచు ఆ రహదారి మీదే పడుతుంది. నేల మీద ఉష్ణోగ్రత సున్నాకు కింద ఉన్నా, రెండు కిలోమీటర్ల ఎత్తున ఒక పలచటి పొర సున్నాకు రెండు డిగ్రీలు పైన ఉంటే చాలు, అరడుగు పడవలసిన మంచు కరకరలాడే గుళ్లుగా మారి రెండు అంగుళాలకు దిగిపోతుంది.

*

ఎన్ని అంగుళాలు పడుతుంది అన్న ప్రశ్నకు జవాబు ఒక గుణకారం. ముందు ఎంత నీరు దిగుతుందో లెక్కగట్టాలి. తర్వాత ఆ నీరు ఎంత మంచుగా ఉబ్బుతుందో చెప్పాలి. ఒక అంగుళం నీటికి పది అంగుళాల మంచు అన్నది మోటు లెక్క. సున్నాకు దగ్గరగా పడే తడి మంచు అయిదంగుళాలకు మించకపోవచ్చు. పొడి చలిలో పడేది ఇరవై దాటవచ్చు. ఆరు రెమ్మలతో, రెమ్మకు రెమ్మలతో అందరికీ తెలిసిన ఆ నక్షత్రపు రేకులు మేఘంలో సున్నాకు దిగువన 12 నుంచి 18 డిగ్రీల మధ్య పెరుగుతాయి. రెమ్మల మధ్య గాలి ఇరుక్కుంటుంది కనుక అవి గుల్లగా పేరుకుంటాయి. పైకి లేచే గాలి సరిగ్గా ఆ ఎత్తులోనే బలంగా ఉంటే గంటకు రెండు మూడు అంగుళాల లెక్కన మంచు దిగుతుంది, మధ్యమధ్య ఉరుములు కూడా వినిపిస్తాయి. అలాంటి పట్టీ వెడల్పు ఇరవై, ముప్పై కిలోమీటర్లకు మించదు. దాని కింద ఉన్న పేటకు రెండడుగులు, పక్క పేటకు ఎనిమిది అంగుళాలు! నీటి లెక్కలో కొంత పొరపాటు, ఉబ్బు లెక్కలో కొంత పొరపాటు, రెంటినీ గుణిస్తే ఎంత దూరం పోతుందో ఊహించుకోండి.

పడ్డాక కొలవడమైనా తేలికా అంటే అదీ కాదు. తెల్ల రంగు వేసిన చదరపు చెక్కను గాలి తగలని చోట నేల మీద పెట్టి, దాని మీద పేరుకున్న మంచును అంగుళంలో పదో వంతు దాకా కొలుస్తారు. ఆరు గంటలకు ఒకసారికి మించి ఆ చెక్కను తుడవకూడదు. గంటగంటకూ తుడిచి కొలిచి కూడితే మొత్తం పెరిగిపోతుంది, ఎందుకంటే పై మంచు బరువుకు కింది మంచు అణిగే అవకాశం ఉండదు. 2016 జనవరి తుఫానులో వాషింగ్టన్ రీగన్ విమానాశ్రయంలో కొలిచేవాళ్లకు ఆ చెక్కే మంచులో కనబడకుండా పోయింది. అక్కడా ఇక్కడా గుచ్చి చూసి సగటు కట్టి 17.8 అంగుళాలన్నారు. చుట్టుపక్కల అంకెలతో పోలిస్తే తక్కువగా ఉందే అని పెద్ద రగడ అయింది. అదే తుఫానులో సెంట్రల్ పార్కు అంకె మొదట 26.8 అంగుళాలు. 2006 నాటి రికార్డుకు పదో వంతు అంగుళం తక్కువ. తర్వాత ఒక బృందం కూర్చుని లెక్కలన్నీ తిరగేసి ఏప్రిల్‌లో దాన్ని 27.5గా సవరించింది. 1869 నుంచి ఉన్న లెక్కల్లో అదే అత్యధికమైంది. కొలత సంగతే ఇలా ఉంటే, రాబోయేదాన్ని అంగుళాల్లో చెప్పమని వాతావరణ శాఖను నిలదీయడంలో మనం కాస్త తగ్గవచ్చుననిపిస్తుంది.

*

లూయీ ఉచెల్లీనీ అనే శాస్త్రవేత్త జీవితంలో మూడు తుఫానులు ఈ కథను దాదాపు పూర్తిగా చెప్పేస్తాయి.

మొదటిది 1979 ఫిబ్రవరి 18, 19 తేదీలది. ప్రెసిడెంట్స్ డే సెలవు. కంప్యూటర్లు ఏదో కొద్దిపాటి మంచు అన్నాయి. వాషింగ్టన్ విమానాశ్రయంలో 18.7 అంగుళాలు పడింది. నాసాలో పనిచేస్తున్న ఉచెల్లీనీ, మరికొందరు శాస్త్రవేత్తలు ఆ వైఫల్యాన్ని ఏళ్ల తరబడి విప్పి చూశారు. జెట్ స్ట్రీమ్‌లోని వేగపు పట్టీలు, సముద్రం గాలికిచ్చే వేడి, తీరం వెంట ఏర్పడే చిన్న సరిహద్దు, వీటన్నిటినీ నాటి కంప్యూటర్ మోడళ్లు సరిగా చూడలేకపోయాయని తేల్చారు.

రెండోది 1993 మార్చి 12 నుంచి 14 దాకా. అప్పటికి ఆయన జాతీయ వాతావరణ కేంద్రంలో అంచనాల విభాగానికి అధిపతి. అయిదు రోజుల ముందు నుంచే మోడళ్లు ఒక రాక్షసిని చూపిస్తున్నాయి. ఒక మోడల్ ఒక పూట చూపిస్తే నమ్మనక్కర్లేదు. ఇక్కడ వేరువేరు మోడళ్లు, పూట తర్వాత పూట, అదే బొమ్మ గీస్తున్నాయి. దక్షిణాన ఎండ కాస్తూండగానే హెచ్చరికలు వెలువడ్డాయి. మంచు రేకు పడకముందే గవర్నర్లు అత్యవసర పరిస్థితి ప్రకటించడం అంతకు ముందు ఎరగని సంగతి. చెప్పినట్టే వచ్చింది. మంచు అరుదైన అలబామాలోని బర్మింగ్‌హామ్‌లో 13 అంగుళాలు, న్యూయార్క్ రాష్ట్రంలోని సిరక్యూజ్‌లో మూడున్నర అడుగులు. పీడనం 960 మిల్లీబార్లకు పడిపోయింది. తూర్పు తీరపు పెద్ద విమానాశ్రయాలన్నీ ఏదో ఒక వేళ మూతపడ్డాయి. అయినా సుమారు 270 మంది చనిపోయారు. అందరి కళ్లూ మంచు మీద ఉండగా, అదే తుఫాను తోక ఫ్లోరిడా పశ్చిమ తీరంలో తెల్లవారుజామున మూడున్నర మీటర్ల దాకా ఉప్పెన లేపింది. అంతటి ఉప్పెన వస్తుందని అక్కడ ఎవరూ హెచ్చరించలేదు. ఆ తుఫానును విజ్ఞానశాస్త్ర విజయంగా చెప్పుకునేవాళ్లు ఈ ఫ్లోరిడా ముక్కను తరచు వదిలేస్తారు. దివిసీమను ఎరిగిన మనం వదలలేం.

ఆ విజయానికి మూడు నెలల ముందు, 1992 డిసెంబరులో, అమెరికాలోనూ ఐరోపాలోనూ కొత్త పద్ధతి ఒకటి రోజువారీ పనిలోకి వచ్చింది. దాని మూలం 1961లో ఉంది. వాతావరణ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ లోరెంజ్ ఒక లెక్కను కంప్యూటర్‌లో మళ్లీ నడుపుతూ 0.506127కు బదులు 0.506 అని కొట్టాడు. కొంతసేపటికి ఫలితం పూర్తిగా వేరే దారి పట్టింది. ఇవాళ్టి గాలిని కొలవడంలో ఇసుమంత తేడా ఉన్నా పది రోజుల తర్వాతి గాలి మారిపోతుందన్నమాట. ఇది తప్పించుకోలేని సంగతి అయినప్పుడు ఒకే లెక్కను నమ్ముకోవడమెందుకు? ఆరంభాన్ని కావాలనే అటూ ఇటూ కాస్త కదిపి, ఒకే మోడల్‌ను పదులసార్లు నడిపిస్తారు. ఐరోపా వాతావరణ కేంద్రం యాభై ఒక్కసార్లు నడుపుతుంది. అన్నీ ఒక చోట గుమిగూడితే ధైర్యంగా చెప్పొచ్చు. చెల్లాచెదురైతే ఆ చెదురే చెప్పవలసిన వార్త. అమెరికాలో ఈ పనికి దారి వేసినవాళ్లలో ముఖ్యురాలు అర్జెంటీనా నుంచి వచ్చిన యూజీనియా కాల్నే.

ఈ లెక్కలన్నిటికీ ముడిసరుకు మాత్రం కొలతలే. ప్రపంచమంతటా వందల కేంద్రాల నుంచి రోజుకు రెండుసార్లు ఒకే వేళకు బెలూన్లు లేస్తాయి. మన గడియారంలో అది పొద్దున ఐదున్నర, సాయంత్రం ఐదున్నర. విశాఖ, మచిలీపట్నం, హైదరాబాద్ కేంద్రాలు పంపే అంకెలు కూడా ఆ ప్రపంచ లెక్కలోకే చేరతాయి. న్యూయార్క్ తుఫానుకు బీజమైన ద్రోణి నాలుగు రోజుల ముందు పసిఫిక్ మీద ఉంటుంది. అక్కడ బెలూన్లు వదిలేందుకు నేలే లేదు. ఉపగ్రహాలు కొంత పూరిస్తాయి, ఒక్కోసారి విమానాలు వెళ్లి గాలిలోకి పరికరాలు జారవిడుస్తాయి. ఇంతలోనూ 2000 జనవరి 25న ఉత్తర కరొలినాలోని రాలీ నగరానికి ముందురోజు దాకా చెప్పకుండా 20 అంగుళాలు వచ్చిపడింది.

ఉచెల్లీనీ మూడో తుఫాను మొదట చెప్పుకున్న 2015 నాటిదే. అప్పుడాయన మొత్తం వాతావరణ శాఖకే డైరెక్టరు. ఐరోపా మోడల్ న్యూయార్క్‌కు భారీగా ఇచ్చింది. ఆ నెలలోనే కొత్త హంగులు దిద్దుకున్న అమెరికా మోడల్ తక్కువ చూపింది. 2012లో శాండీ తుఫాను పడమటికి తిరుగుతుందని వారం ముందే కనిపెట్టిన ఘనత ఐరోపా మోడల్‌ది. ఆ పేరు చూసి అంచనావేసేవాళ్లు దానివైపే మొగ్గారు. నా దృష్టిలో పొరపాటు ఆ మొగ్గులో లేదు. నగరం అంచు మీద ఉందన్న సంగతి జనానికి చేరలేదు. వాళ్లకు చేరింది ఒక్క పెద్ద అంకె. ఇప్పుడు అమెరికా వాతావరణ శాఖ మూడంకెలు ఇస్తోంది: కనీసం ఇంత, ఎక్కువ అవకాశం ఇంత, మరీ వికటిస్తే ఇంత. టీవీల వాళ్లు మాత్రం ఇప్పటికీ మూడో అంకె మీదే మోజు పడతారు.

*

ఏర్పాట్లకు అంగుళాలతో అంత పని లేదని 2016 జనవరి 20 నిరూపించింది. వారం ముందు నుంచి కనిపిస్తున్న మహా తుఫాను 22న రావలసి ఉంది, వాషింగ్టన్ ప్రాంతమంతా దానికోసం కాచుకుని ఉంది. 20వ తేదీ సాయంత్రం, ఆఫీసులు వదిలే వేళ, ఒక్క అంగుళం మంచు రాలింది. రోడ్లకు ముందుగా ఉప్పు పట్టించలేదు. టైర్ల కింద నలిగిన మంచు అద్దంలా గడ్డకట్టింది. వందలకొద్దీ కార్లు గుద్దుకున్నాయి, జనం గంటల తరబడి రోడ్ల మీదే ఉండిపోయారు. మేయర్ క్షమాపణ చెప్పుకుంది. రెండు రోజుల తర్వాత దానికి ఎన్నో రెట్లు మంచు పడినప్పుడు రోడ్లపై చిక్కుకున్నవాళ్లు అంతమంది లేరు. మెట్రోను మూసేస్తామని ముందే చెప్పేశారు, విమానాలను ముందే రద్దు చేశారు, జనం ఇళ్లలోనే ఉన్నారు.

ఉప్పు కిటుకు చిన్నదే. ఉప్పు కలిసిన నీరు సున్నా దగ్గర గడ్డకట్టదు. నూటికి 23 పాళ్లు ఉప్పు ఉంటే లెక్క ప్రకారం సున్నాకు దిగువన 21 డిగ్రీల దాకా ద్రవంగానే ఉంటుంది. రోడ్డు మీద వాస్తవంలో 9, 10 డిగ్రీల దిగువకు పోతే పని మందగిస్తుంది. తుఫాను ముందురోజు ట్యాంకర్లు ఆ ఉప్పునీటిని రోడ్డు మీద సన్నటి చారలుగా చల్లుకుంటూ పోతాయి. ఆరాక తెల్లటి గీతలు మిగులుతాయి. మంచు వచ్చి వాటి మీద పడితే తారును కరుచుకోదు, ప్లౌ లారీ ముందున్న ఇనుప పలక దాన్ని ఊడ్చేయగలదు. తుఫాను వానతో మొదలైతే మాత్రం ఆ చారలన్నీ కాలవలో కలుస్తాయి. చూశారా, ఇక్కడా ప్రశ్న అంచు గురించే: ముందు వానా, మంచా?

అమెరికాలో ఎడిసన్‌లోనో యాష్‌బర్న్‌లోనో ఉన్న మన కుటుంబాలకు ఇదంతా ఏటేటా అనుభవమే. అమెరికన్ దుకాణాల్లో బ్రెడ్డు, పాలు ఖాళీ అవుతూంటే మన దుకాణాల్లో పెరుగు డబ్బాలు, కొత్తిమీర కట్టలు మాయమవుతాయి. బియ్యం, పప్పు ఉన్న ఇంటికి రెండు రోజుల మంచు ఒక లెక్కలోది కాదు. ప్రమాదం ఉన్నది వంటింట్లో కాదు, వాకిట్లో. అయిదు మీటర్ల వెడల్పు, పది మీటర్ల పొడవు ఉన్న కారు దారి మీద 30 సెంటీమీటర్ల మంచు పడితే అది 15 ఘనపు మీటర్లు. పదికి ఒకటి లెక్కన దాని బరువు 1500 కిలోలు. తడి మంచయితే మూడు టన్నులు. ఏడాదంతా కంప్యూటర్ ముందు కూర్చున్న మనిషి పొద్దున్నే కాఫీ తాగి, పార పట్టుకుని అంత బరువూ ఎత్తిపోయబోతాడు. చలికి రక్తనాళాలు ముడుచుకుని ఉంటాయి, బరువెత్తేటప్పుడు ఊపిరి బిగబట్టడం వల్ల రక్తపోటు ఎగబాకుతుంది. దక్షిణాసియా వాళ్లకు గుండె జబ్బులు ఇతరుల కంటే ముందే వస్తాయన్న సంగతి దీనికి తోడు. రెండంగుళాలు పడినప్పుడల్లా బయటికి వెళ్లి కొంత కొంత తీయడం, ఎత్తకుండా పక్కకు నెట్టడం, నలభై దాటినవాళ్లు ఆ పనిని పక్కింటి కుర్రాడికి నాలుగు డాలర్లు ఎక్కువిచ్చి అప్పగించడం మేలు.

కారు వెనకాల పొగగొట్టం మంచులో కూరుకుపోయి ఉండగా హీటర్ కోసం ఇంజను ఆన్ చేస్తే కార్బన్ మోనాక్సైడ్ లోపలికి చేరుతుంది. దానికి వాసన లేదు. 2016 తుఫానులో న్యూజెర్సీలో ఒకాయన బయట మంచు తవ్వుతూ ఉండగానే కారులో వెచ్చగా కూర్చోబెట్టిన భార్యాబిడ్డలు అలాగే చనిపోయారు. కాబట్టి ముందు పొగగొట్టం చుట్టూ తవ్వాలి, ఆ తర్వాతే తాళం తిప్పాలి. ఇంటి హీటర్ పొగ గోడలోంచి బయటికి పోయే గొట్టానిదీ ఇదే సంగతి. జనరేటర్ ఉంటే గరాజ్‌లో కాదు, ఇంటికి దూరంగా ఆరుబయట నడపాలి.

పార మూల పెట్టి లోపలికి వచ్చాక ఇంకో పని మిగిలే ఉంటుంది. వీధిలో ప్లౌ లారీ వచ్చి, శుభ్రం చేసిన వాకిలి మొదట్లో మోకాలెత్తు గట్టు పోసి పోతుంది. అది నలిగిన మంచు, ఉప్పునీరు తాగిన మంచు, మామూలు దానికన్నా ఎన్నో రెట్లు బరువు. గంటలో తీయకపోతే రాయైపోతుంది. కొత్తగా వచ్చినవాళ్లు ముందే ఉన్న ఓపికంతా ఖర్చు చేసేసి దాని ముందు నిలబడిపోతారు. పాతకాపులు లారీ వెళ్లేదాకా ఆ నాలుగడుగుల ముక్కను ముట్టుకోరు.